పెన్సిల్‌తో రాసిన నంబరు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పెన్సిల్‌తో రాసేవాళ్లంటే నాకు చులకన. రాసిన మాట మీద తమకే నమ్మకం లేనివాళ్లు పెన్సిల్ పట్టుకుంటారని నా అభిప్రాయం. ఆ అభిప్రాయం ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఈ మధ్య డేటాబేస్ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు చంపాపేటలో మా ఇంటికి వచ్చి, మీ సర్వీసులో బాగా కష్టమైన కేసు ఏదైనా చెప్పండి సార్ అని అడుగుతున్నారు. కష్టమైనవి చాలా ఉన్నాయి, చెబితే నాకూ గొప్పగానే ఉంటుంది. కానీ నాకు తరచూ గుర్తొచ్చేది వేరే కేసు. అందులో నేను రోగం ఏమిటో సరిగ్గానే పట్టుకున్నాను, ఒక్క పూటలో మందు వేశాను, అందరిచేతా శభాష్ అనిపించుకున్నాను. ఆ తర్వాత జరిగింది మీరు వినాలి.

మాది ఎల్బీనగర్ చౌరస్తాకు దగ్గర్లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. నేను అక్కడి కంప్యూటర్ విభాగంలో డేటాబేస్‌లు చూసుకునేవాణ్ణి. ఆసుపత్రికి అనుబంధంగా బ్లడ్ బ్యాంకు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేది, కోచింగ్ సెంటర్ల సందులో, ఒక భవనం రెండో అంతస్తులో. మెట్రోలో మూడు స్టేషన్ల దూరం. రెండు చోట్లా రెండు సర్వర్లు, మధ్యలో ఒక కేబుల్. ఆసుపత్రిలో డాక్టరు రక్తం కావాలని రాస్తే, రోగి రక్తం నమూనా దిల్‌సుఖ్‌నగర్ వెళ్లేది. అక్కడ దాన్ని బ్యాగుల్లోని రక్తంతో కలిపి చూసి, సరిపడిన బ్యాగును ఆ రోగి పేరు మీద పెట్టేవారు. ఆ బ్యాగు నంబరు వేసిన చీటీ పట్టుకుని రోగి తాలూకు మనిషి థర్మకోల్ డబ్బాతో వచ్చి తీసుకెళ్లాలి.

బ్లడ్ బ్యాంకు బాధ్యతంతా ఒక మేడమ్ చూసుకునేవారు. గుంటూరు వైపు మనిషి. హైదరాబాదు వచ్చి ముప్పై ఏళ్లు దాటినా మాటలో "అండీ" పోలేదు. నాకంటే రెండేళ్లు పెద్ద. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆమె పద్ధతి చూసి లోలోపల నవ్వుకున్నాను. ఆసుపత్రి నుంచి బ్యాగు కావాలని కబురు రాగానే పొడుగాటి రిజిస్టరులో ఆ బ్యాగు నంబరును పెన్సిల్‌తో రాసేవారు. బ్యాగు మెడకు ఎర్రదారం కట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టేవారు. తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసి నంబరు చదివేవారు. అవతలివాళ్లు అదే నంబరును తిరిగి చదవాలి. చదివాకే పెన్సిల్ గీతల మీద పెన్నుతో దిద్దేవారు. ఫోన్ కలవకపోతే నంబరు పెన్సిల్‌లోనే ఉండేది, దారం కట్టినట్టే ఉండేది. ఆ బ్యాగును ఎవరు వచ్చి అడిగినా ఇచ్చేవారు కాదు.

ఇవన్నీ ఇక అక్కర్లేదని నేను ఆమెకు చెప్పాను. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక బ్యాగు కేటాయిస్తే ఇక్కడి డేటాబేస్‌లోనూ అక్కడి డేటాబేస్‌లోనూ ఒకేసారి పడుతుంది, లేదంటే రెండు చోట్లా పడదు, ఒకచోట పడి మరోచోట పడకపోవడమనేది ఉండదని వివరించాను. ముందు రెండు సర్వర్లనూ సిద్ధమేనా అని అడుగుతుంది, రెండూ సిద్ధమే అన్నాక కానివ్వండి అంటుంది, అంతే. అరల్లో బ్యాగులు తేదీల వరసలో ఉండాలి కాబట్టి విడిగా అడుగు అర కూడా వద్దన్నాను. ఆమె ఓపిగ్గా అంతా విని ఒక్క ప్రశ్న వేశారు.

"మధ్యలో ఫోను కట్ అయిపోతే ఏం చేస్తుందండీ మీ కంప్యూటరు?"

"ఆగుతది మేడమ్. లైన్ ఒచ్చేదాక ఆగుతది."

"ఎంతసేపు ఆగుతుందండీ?"

"ఎంతసేపైనా ఆగుతది."

అయితే సరేనని ఆమె రిజిస్టరు తీసి బీరువాలో పెట్టారు. దారపు ఉండ కూడా దాని పక్కనే పెట్టారు. ఆ రోజు నా నోటినుంచి వచ్చింది నూటికి నూరు పాళ్లు సరైన జవాబు. ఆ జవాబుకు నేనే కట్టుబడి ఉంటే మీకు చెప్పడానికి ఈ కథ ఉండేది కాదు.

ఏడాది బాగానే నడిచింది. తర్వాత ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు పనులు మొదలయ్యాయి, వాటితోపాటు మా కష్టాలూ మొదలయ్యాయి. ఉదయం పది దాటితే బ్లడ్ బ్యాంకు స్క్రీన్లు బిగుసుకుపోయేవి. ఏ బటన్ నొక్కినా గుండ్రంగా తిరుగుతూ ఉండేది. కౌంటరు ముందు థర్మకోల్ డబ్బాలు పట్టుకున్న జనం మెట్ల దాకా నిలబడేవారు. మా మేనేజరు నా కుర్చీ వెనక నిలబడేవాడు. నన్ను పని చేయమన్నట్టు కాదు, తను నిలబడ్డట్టు పైవాళ్లకు తెలియాలని.

రెండు వారాలు నేను చేయని పని లేదు. మెమరీ పెంచాను. ఇండెక్సులు వేశాను, వేసినవి తీశాను. యాంటీవైరస్‌ను తిట్టాను. డిస్కులు పాతబడ్డాయని కొత్తవి తెప్పించాను, అవి వచ్చాక సమస్య కొత్త డిస్కుల మీద అంతే బాగా నడిచింది. నెట్‌వర్క్ చూసేవాడిని అడిగితే తన గ్రాఫ్ తీసి చూపించేవాడు, అందులో గీత చక్కగా ఉండేది. ఒకరోజు ఆసుపత్రి కిటికీలోంచి చూస్తూ టీ తాగుతుంటే బయట జేసీబీ కదిలింది. ఆ నిమిషంలోనే దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫోన్ వచ్చింది, మళ్లీ ఆగిపోయిందండీ అని. మర్నాడు కావాలని అదే కిటికీ దగ్గర నిలబడ్డాను. మళ్లీ అదే వరస.

సంగతి ఇది. జేసీబీ నేల తవ్వినప్పుడల్లా మా కేబుల్ కదిలి లైన్ అర నిమిషమో నిమిషమో పోయి తిరిగొస్తోంది. నెట్‌వర్క్ అతని గ్రాఫ్ ఐదు నిమిషాలకు ఒకసారి సగటు తీస్తుంది, అందుకని ఆ నిమిషం అతనికి కనిపించదు. ఆ నిమిషంలో గనక ఒక బ్యాగు కేటాయింపు జరుగుతూ ఉంటే, దిల్‌సుఖ్‌నగర్ సర్వరు సిద్ధమే అని చెప్పేసి, కానివ్వండి అనే మాట కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఊరికే ఎదురుచూడదు. ఆ బ్యాగునూ, ఆ గ్రూపు స్టాకు ఎంతుందో చెప్పే పట్టికలోని వరసనూ గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. వెనక వచ్చిన ప్రతి కేటాయింపూ ఆ వరస కోసం ఆగాలి. లైన్ తిరిగొచ్చాక అది మళ్లీ అడిగి తేల్చుకుంటుంది కానీ, ఒకటి రెండుసార్లు జవాబు రాకపోతే అడిగే ఎడం పెంచుకుంటూ పోతుంది. అలా ఒక నిమిషం తెగిన లైను అరగంటసేపు జనాన్ని ఆపేది.

ఇంతవరకు నా పని మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. తర్వాత చేసింది వినండి. అలా ఎటూ తేలకుండా ఉండిపోయిన కేటాయింపులను పది పన్నెండు తీసి చూశాను. అన్నిటిలోనూ ఆసుపత్రి వైపు పని జరగలేదు, అంటే రద్దు చేయడమే సరైన నిర్ణయం. పది పన్నెండు చూసి మిగతావన్నీ అలాగే ఉంటాయని తేల్చేశాను. తనంతట తానే నడిచే ఒక చిన్న స్క్రిప్టు రాశాను. రెండు నిమిషాలకు మించి ఎదురుచూస్తున్న కేటాయింపు ఏదైనా ఉంటే దాన్ని బలవంతంగా రద్దు చేసి, బ్యాగును ఖాళీ అని చూపించి, దారి వదలమన్నాను. అవతలి సర్వరును అడగమని అందులో రాయలేదు. లైన్ లేనప్పుడు అడిగితే జవాబు రాదు కదా అన్నది నా తర్కం. ఫోన్ అనేది ఒకటి ఉందని నాకు తట్టలేదు.

మర్నాటి నుంచి స్క్రీన్లు పరుగెత్తాయి. మెట్ల మీది జనం మాయమయ్యారు. మేనేజరు నా భుజం తట్టి, "మస్తు చేసినవన్నా, ఇగ నాకు పరేషాన్ లేదు" అన్నాడు. విభాగంలో అందరికీ కోవా బిళ్లలు పంచారు. మూడు వారాలు నేను కాలర్ ఎగరేసుకునే తిరిగాను. దిల్‌సుఖ్‌నగర్ మేడమ్ మాత్రం ఏమీ అనలేదని కొంచెం గుర్రుగా ఉండేది. ఆమె నోటితో కూడా బాగుందని అనిపించుకుందామని ఒక గురువారం ఉదయం మెట్రో ఎక్కి వెళ్లాను. ఆ రోజు నేను వెళ్లకపోయి ఉంటే ఈ కేసు నాకు ఒక కాగితంగా మాత్రమే తెలిసి ఉండేది.

పదకొండున్నర అయింది. నేను కౌంటరు లోపల కుర్చీ వేసుకుని కూర్చుని, స్క్రీన్ ఎంత వేగంగా మారుతోందో చూడమని మేడమ్‌కు చూపిస్తున్నాను. అప్పుడు ఒక ఆమె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. చెప్పులు అరిగి ఉన్నాయి, థర్మకోల్ డబ్బాను మాత్రం పాత తువ్వాలులో శుభ్రంగా చుట్టుకుని తెచ్చింది. చీటీ ఇచ్చింది. మేడమ్ నంబరు కొట్టారు. స్క్రీన్ వెంటనే జవాబిచ్చింది, ఆ బ్యాగు గంట క్రితమే వేరేవాళ్లకు ఇచ్చేసినట్టు.

మేడమ్ రెండోసారి కొట్టారు. మూడోసారి చీటీని దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క అంకె కొట్టారు. తర్వాత ఈ బ్యాగు వేరేవాళ్లకు వెళ్లిపోయిందమ్మా అని మెల్లగా చెప్పారు.

"గట్లెట్ల పోతది మేడమ్? పొద్దుగాల్నే దవాఖానల జెప్పిన్రు, మీకు దొరికింది, పోయి తెచ్చుకోమని. నంబర్ గూడ రాసిచ్చిన్రు."

ఆమె భర్త కొత్తపేట పండ్ల మార్కెట్‌లో పాతికేళ్లు హమాలీ. మార్కెట్ అక్కడినుంచి తరలిపోయిన ఏడాదే అతనికి జబ్బు బయటపడింది. ఎముకల్లో రక్తం తయారవడం తగ్గిపోయే జబ్బు. మూడు వారాలకు ఒకసారి ఎక్కించాలి. అలా ఎక్కించుకోగా ఎక్కించుకోగా అతని ఒంట్లో ఒక తిరుగుబాటు మొదలైంది, గ్రూపు కలిసినా అందరి రక్తమూ పడడం లేదు. ఆ వారం పదకొండు బ్యాగులు కలిపి చూస్తే ఒక్కటి సరిపడింది. ఆ ఒక్కటే ఈ నంబరు. ఇవన్నీ మేడమ్‌కు తెలుసు, ఎందుకంటే ఆ పదకొండూ కలిపి చూసింది ఆమే. నంబర్లు గుర్తుంచుకునే పని మాత్రం, నేను చెప్పినట్టే, కంప్యూటరుకు వదిలేశారు.

నేను పక్క స్క్రీన్ తెరిచాను. పది దాటిన ఐదు నిమిషాలకు కేటాయింపు మొదలైంది. ఆసుపత్రి సర్వరు అంతా సరే అనుకుని తనవైపు పూర్తి చేసేసింది. పూర్తయిందన్న కబురు దారిలో ఉండగా లైన్ తెగింది. దిల్‌సుఖ్‌నగర్ సర్వరు పద్ధతి ప్రకారం ఆగింది. రెండు నిమిషాలకు నా స్క్రిప్టు వచ్చి దాన్ని రద్దు చేసి, బ్యాగు ఖాళీ అని రాసింది. కాసేపటికి చంపాపేటలోని ఒక నర్సింగ్ హోమ్ నుంచి మనిషి పరుగెత్తుకు వచ్చాడు, కాన్పులో ఒక తల్లికి రక్తం ఆగడం లేదని. ఆమెదీ అదే గ్రూపు, తేదీల వరసలో ముందున్న బ్యాగు అదే. ఇచ్చారు. ఇవ్వవలసిందే కూడా. ఆ తల్లి బతికిందని తర్వాత తెలిసింది.

మేడమ్ నావైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, నేనేదో చెబుతానని ఎదురుచూస్తున్నారు. చివరికి ఆ వచ్చిన ఆమెతో, "సిస్టమ్‌ల ప్రాబ్లం ఒచ్చిందమ్మా" అన్నాను.

"సిస్టమ్ అంటే ఎవరు సార్? ఆయననే జర పిలువుర్రి. నేను మాట్లాడుత."

ఆమె వెటకారంగా అనలేదు. లోపలి గది వైపు చూసింది, అక్కడ ఎవరైనా ఉన్నారేమోనని. ముప్పై ఏళ్లలో ఎందరో అధికారులు నన్ను నిలదీశారు, ఎవరి ముందూ నేను తలదించుకోలేదు. ఆ రోజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను కానీ, నేనే అని చెప్పలేకపోయాను. దీనికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మేడమ్ ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, ఊళ్లో ఉన్న బ్లడ్ బ్యాంకులన్నిటికీ ఫోన్లు మొదలుపెట్టారు. ఆమె డబ్బా ఒళ్లో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుని, ఖాళీ డబ్బాతో వెళ్లిపోయింది. అందులో ఐసు అప్పటికే నీళ్లయి తువ్వాలు తడిసింది.

సరిపడిన రక్తం దొరికేసరికి శనివారం మధ్యాహ్నమైంది. ఆ రెండు రోజుల్లో ఆయన గుండె మీద భారం పడి ఐసీయూలో చేర్చారు. నేను రోజుకు రెండుసార్లు మూడో అంతస్తుకు వెళ్లి అద్దంలోంచి చూసి వచ్చేవాణ్ణి. భుజాలు వెడల్పు, పాతికేళ్లు పండ్ల బుట్టలు మోసినవి. మిగతా మనిషి అంతా ఆ భుజాలకు సరిపోకుండా తగ్గిపోయాడు. వారానికి వార్డులోకి వచ్చాడు. కానీ మునుపటిలా లేచి నడవలేదు.

ఈలోగా కాగితాలు కదిలాయి. జరిగింది రాసిమ్మని మేనేజరు అడిగితే, నెట్‌వర్క్ అంతరాయం వల్ల రెండు డేటాబేస్‌ల మధ్య తేడా వచ్చిందని రాసిచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు. అలాంటి కాగితాలు రాయడం ఉద్యోగం నేర్పుతుంది, మీకూ నేర్పుతుంది, జాగ్రత్త. నా కాగితం చదివినవాళ్లు, మరి కేటాయించిన బ్యాగును ఇంకొకరికి చేతికిచ్చింది ఎవరు అని వెతికారు. మెమో మేడమ్‌కు వెళ్లింది. ఆమెకు రిటైర్మెంట్ ఇంకా ఏడాది కూడా లేదు.

విచారణ ఎల్బీనగర్‌లో, ఆసుపత్రి మీటింగు హాల్లో. బల్లకు అటువైపు ముగ్గురు పెద్దలు, ఇటువైపు మేడమ్, ఒక మూలన నేను. ఆమె బీరువాలోంచి ఆ పాత రిజిస్టరు తీసి వెంట తెచ్చుకున్నారు. దాన్ని ఎందుకు తెచ్చారో ఎవరూ అడగలేదు. బ్యాగు ఇచ్చేముందు కేటాయింపు ఉందో లేదో చూశారా అని అడిగారు. చూశానండీ, ఖాళీగా ఉంది, ఇచ్చాను అన్నారు. గట్టిగా చూశారా అని అడిగారు. ఆమె రిజిస్టరు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. నా పద్ధతి నాకుండేది, ఇదిగో ఈయన వచ్చి మాన్పించాడు అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె అనలేదు. నా పరువు ఆమె ఎందుకు కాపాడాలో నాకు అర్థం కాలేదు.

అప్పుడు నేను లేచాను.

"బ్యాగు ఖాళీ అని రాసింది నేను సార్. మేడమ్ చూసినప్పుడు అది ఖాళీగనే ఉండె, నేనే ఖాళీ చేసిన. అవతల అడగకుండ కొట్టేసిన."

తర్వాత స్క్రిప్టు గురించి అంతా చెప్పాను. మేనేజరు తల ఎత్తలేదు. మెమో మేడమ్ నుంచి నా పేరుకు మారింది. విభాగం బాధ్యత నా నుంచి తీసేసి నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడికి ఇచ్చారు, రిటైరయ్యేదాకా అతని కిందే పని చేశాను. అతను మంచివాడు, ఎప్పుడూ సార్ అనే పిలిచేవాడు. బయటికి వచ్చాక మేడమ్ లిఫ్టు దగ్గర ఆగి, రిజిస్టరు తెరిచి చూపించారు. పేజీ మధ్యలో ఎప్పటిదో ఒక నంబరు పెన్సిల్‌లోనే ఉండిపోయింది.

"ఇది వరదల రోజుదండీ. మూడు రోజులు ఫోను కలవలేదు. మూడు రోజులూ ఆ బ్యాగు అలాగే ఉంచాను, ఫోను కలిసేసరికి దాని గడువు తీరిపోయింది, అందుకే పెన్ను పడలేదు. జనం తిట్టారు, ఉన్నది ఎందుకివ్వవని. ఆగడం కూడా పనేనండీ, బద్ధకం కాదు."

ఆ పేజీ చూస్తూ నిలబడిపోయాను. నేను పుస్తకాల్లో చదివి పరీక్ష పాసై నేర్చుకున్నదంతా ఆ పొడుగాటి గీతల్లో ఉంది. సిద్ధమే అంటే పెన్సిల్. అవతలి నుంచి నంబరు తిరిగి వినబడితే పెన్ను. రెంటికీ మధ్య ఎంత ఆలస్యమైనా చెయ్యి తీయకూడదు. కంప్యూటరుకు ఈ నియమం తెలుసు, ఆమెకు తెలుసు. స్క్రీన్ ఆగిపోయిందని జనం అరుస్తుంటే మర్చిపోయింది నేను.

స్క్రిప్టును ఆ గురువారమే తీసేశాను. తర్వాత రెండు నెలలు కూర్చుని అసలు నిర్మాణమే మార్చాం. బ్యాగు కేటాయింపు ఇక దిల్‌సుఖ్‌నగర్ డేటాబేస్‌లో మాత్రమే జరుగుతుంది. అక్కడ పూర్తయ్యాక ఆసుపత్రికి కబురు వెళుతుంది, అందిందన్న జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వెళుతూనే ఉంటుంది. రెండు సర్వర్లు ఒకదాని కోసం ఒకటి గొంతు పట్టుకుని నిలబడే పని తప్పింది. అప్పటికీ ఎటూ తేలనిది ఏదైనా మిగిలితే మనిషి ఫోన్ చేసి నంబరు చదవాలి, అవతలి మనిషి తిరిగి చదవాలి, ఆ తర్వాతే ఎవరైనా దాన్ని ముట్టుకోవాలి అని నియమం పెట్టించాను. మేడమ్‌ను అడిగి ఎర్రదారమూ అడుగు అరా పెన్సిల్ రిజిస్టరూ తిరిగి పెట్టించాను, పెన్ను మాత్రం ఇక బ్యాగు చేతికి ఇచ్చాకే. నా స్క్రిప్టు ఇచ్చిన వేగం మాత్రం మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆ హమాలీ భార్యను నేను వార్డు బయట కలిశాను. ఆ రోజు మీరు ఎవరని అడిగారో ఆ మనిషిని నేనేనని చెప్పాను. తిడుతుందని నిలబడ్డాను. ఆమె నా ఫోన్ నంబరు ఇవ్వమంది. ఇచ్చాను. వాళ్ల బిడ్డ ఫోన్‌లో దాన్ని "సిస్టమ్ సార్" అని ఎక్కించుకుంది. ఆ తర్వాత ప్రతి మూడు వారాలకూ ఫోన్ వచ్చేది.

"సిస్టమ్ సార్, మాది పెట్టిన్రా? జర సూడుర్రి."

నేను ముందు దిల్‌సుఖ్‌నగర్‌కు, తర్వాత ఆసుపత్రికి ఫోన్ చేసి, రెండు చోట్లా నంబరు చదివించుకుని, ఆమెకు చెప్పేవాణ్ణి. ఆమె దాన్ని తిరిగి చదివేది. చదవడం అంతగా రాదు, ఒక్కొక్క అంకె పలికేది. ఆమె అంకెలన్నీ పూర్తయ్యేదాకా నేను ఏం చేస్తున్నా ఆపేసి వినేవాణ్ణి. అలా ఏడు నెలలు. మేడమ్ రిటైరయ్యారు, అయినా ఆ బ్యాగు పెట్టే రోజుల్లో తన చేత్తోనే కలిపి చూస్తానని బ్లడ్ బ్యాంకుకు వచ్చేవారు. కొత్తగా వచ్చినవాళ్లు అభ్యంతరం చెప్పలేదు.

ఒక ఆదివారం ఉదయం కొత్తపేట రైతుబజారులో కొత్తిమీర ఏరుకుంటుంటే ఫోన్ మోగింది. మూడు వారాలకు ఇంకా రెండు రోజులుంది, తొందరగా చేసిందే అనుకున్నాను.

"సార్, ఆయన పోయిండు. శుక్రవారం. గదే చెప్దామని చేసిన."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

"మంగళవారానికి మా పేరు మీద బ్యాగు పెట్టిన్రు గదా. అది ఇంకెవలికన్న ఇయ్యుర్రి సార్. మల్ల మీ సిస్టమ్‌ల మా పేరు మీదనే ఉండిపోతదేమో, ఎవలికి అక్కెర పడ్తదో ఏమో."

తర్వాత, పోయినసారిలాగే, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన చీటీలోంచి నంబరు చదివింది. ఒక్కొక్క అంకె. నేను ఆ జనంలో నిలబడి తిరిగి చదివాను. అప్పట్లో రక్తం దొరకని ఆ రెండు రోజులు ఆయన ఆయుష్షులో ఎంత తీసుకున్నాయో డాక్టరును రెండుసార్లు అడిగాను. జబ్బు ముదిరిందండీ, అది అలాంటి జబ్బే అని రెండుసార్లూ ఒకే మాట చెప్పాడు. ఆ మాటను నేను తీసుకోలేకపోయాను, వదిలేయలేకపోయాను.

కూరగాయల సంచితోనే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. మేడమ్‌కు ఫోన్ చేస్తే ఆమె కూడా వచ్చారు. ఆసుపత్రికి ఫోన్ చేసి, ఈ నంబరు రద్దు చేస్తున్నామని చదివాను. అక్కడి డ్యూటీ నర్సు తిరిగి చదివి, మావైపు తీసేశాం సార్ అంది. అప్పుడు స్క్రీన్ తెరిచి నా చేత్తో ఆ కేటాయింపు తీసేశాను. నా సర్వీసులో ఎన్ని వేలు రద్దు చేసి ఉంటానో, ఇంతసేపు పట్టింది మాత్రం ఇది ఒక్కటే. మేడమ్ అడుగు అరలోంచి బ్యాగు తీసి, మెడకున్న ఎర్రదారం విప్పి, తేదీల వరసలో పెట్టారు. రిజిస్టరు తెరిచి రబ్బరుతో నంబరు తుడిచారు. ఎంత తుడిచినా కాగితం మీద అంకెల అచ్చు కొంచెం కనబడుతూనే ఉంది. ఆ గీత మీద ఆమె ఇంకే నంబరూ రాయలేదు, ఖాళీగా వదిలేసి కింది గీతకు వెళ్లారు.